సున్నా కింద ఒక కిలో

పిల్ల పుట్టిన రోజున పెద్దాసుపత్రిలో తూస్తే నిండుగా మూడు కిలోలు. మూడు వారాలు పోయాక ఇంటి దగ్గరి క్లినిక్కులో తూస్తే రెండు కిలోల తొమ్మిది వందలు. పెరగాల్సిన పిల్ల తరిగింది. నర్సమ్మ పెదవి విరిచి, "వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి రాసేస్తానమ్మా. నీ పాలు చాలడం లేదు. డబ్బా పాలకి మనసు సిద్ధం చేసుకో" అంది.

ఆ మాట మోసుకుని బాలింత తిన్నగా తండ్రి కొట్టుకు వచ్చింది. తండ్రి కాటాల మేస్త్రి. కూరల వాళ్లవీ, పాత సామాన్ల వాళ్లవీ, ఎవరి తూకం చెడిపోయినా ఆయన దగ్గరికే వస్తుంది. కొట్టు వెనకే ఇల్లు. కప్పు నుంచి వేలాడే గొలుసుల మధ్య స్టూలు మీద కూర్చుని, ఒళ్లో పిల్లను చూసుకుంటూ ఆమె చప్పుడు లేకుండా ఏడ్చింది. పిల్ల మాత్రం హాయిగా నిద్రపోతోంది. తను తరిగిపోయిన సంగతి దానికింకా ఎవరూ చెప్పలేదు.

"కడుపు నిండని పిల్ల ఇలా పడుకుంటుందా?" అంది మేస్త్రి భార్య, మనవరాలి అరికాలు తడుముతూ. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఆ క్లినిక్కు కాటా మొన్నామధ్య మీరు బాగుచేసిందే కదా?"

"అయితే?"

"అయితే ఏముంది, అడిగాను."

"లెక్కలు చెప్పే నీ తమ్ముడి లెక్కైనా తప్పొచ్చు, నా కాటా తప్పదు" అన్నాడు మేస్త్రి.

అన్నాడే గానీ నోరు చేదయింది. ఆ కాటా వేలాడే రకం. పైన గడియారంలాంటి ముఖం, కింద కొక్కెం, కొక్కేనికి పలచటి గుడ్డ ఉయ్యాల. బరువు పడితే లోపలి స్ప్రింగు సాగుతుంది, ముల్లు తిరుగుతుంది. పాత స్ప్రింగు తెగిపోతే అలాంటిది దొరక్క, ఓ కూరల బండి కాటాలోది పీకి వేశాడు. ఐదు కిలోల రాయి వేలాడదీసి, వెనక స్క్రూ తిప్పి, ముల్లును సరిగ్గా ఐదు మీద నిలబెట్టి పంపాడు. ఆయనకు పని నేర్పినవాడు అలాగే చేసేవాడు. ఐదు రాయి దగ్గర నిలిస్తే కాటా పాసయినట్టే.

"నాన్నా, దీన్ని మన కాటాలో ఒకసారి తూచి చూడు" అంది కూతురు.

గుమ్మం దగ్గర ఆయన సొంత కాటా వేలాడుతోంది. పిల్లను దుప్పటితో సహా వేశారు, దుప్పటి బరువు తీసేశారు. మూడుంబావు కిలోలు.

కూతురు మొహం విచ్చుకుంది. మేస్త్రి మొహం ముడుచుకుంది.

మర్నాడు పిల్లల తూకాల రోజు కాదు కాబట్టి క్లినిక్కుకు వెళ్లి సంగతి చెప్పాడు. నర్సమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కూరగాయల కాటా మాట విని క్లినిక్కు కాటా తప్పంటావా మేస్త్రీ? రెండూ నువ్వు పాసు చేసినవే. ఏది అబద్ధమాడుతోందో, ఎందుకాడుతోందో తేల్చి తీసుకురా. అప్పటిదాకా నాకు కార్డు మీదున్నదే లెక్క."

కాటా విప్పుకుని కొట్టుకు తెచ్చాడు. ఖాళీగా వేలాడదీశాడు. ముల్లు సున్నా మీద. ఐదు రాయి తగిలించాడు. ముల్లు ఐదు మీద, వెంట్రుకవాసి తేడా లేదు. సొంత కాటా చూశాడు. అదీ అంతే. రెండూ సత్యసంధుల్లా నిలబడ్డాయి. పిల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెరో మాట చెబుతున్నాయి. తన చేతిపని తప్పని తేలితే బాగుండునని మేస్త్రి కోరుకోవడం బతుకులో అదే మొదలు.

సాయంత్రానికి భార్య తన తమ్ముణ్ణి పిలిపించింది. అతను ట్యూషన్లు చెప్పే లెక్కల మాస్టారు. అన్నం వడ్డించమన్నా నల్లబల్ల ముందు నిలబడినట్టే అడుగుతాడు. మేస్త్రికి అతనంటే మొదటినుంచీ గిట్టదు. అంకెల మధ్యకు అక్షరాలు వచ్చి కూర్చున్న ఏడాదే మేస్త్రి బడి మానేశాడు. ఆ అక్షరాలను అడ్డం పెట్టుకుని బతికేవాడు ఇంటికే బావమరిదై రావడం విధి తనను వెక్కిరించడమేనని ఆయన నమ్మకం.

అంతా విని మాస్టారు నవ్వేశాడు. "కుదరదు బావా. సున్నా దగ్గర కరెక్టు, ఐదు దగ్గర కరెక్టు అంటే మధ్యలో కూడా కరెక్టే. రెండు చుక్కల్ని కలుపుతూ ఒకే ఒక్క సరళరేఖ పోతుంది."

"ఎవరు పొమ్మన్నారు?"

"ఒకరు పొమ్మనేదేముంది? అదంతే."

"ఇందుకే మీ చదువంటే ఒళ్లు మంట. అదంతే అంటారు, ఎందుకో చెప్పి చావరు. నా స్ప్రింగు మీ పుస్తకం చదివిందా?"

మాస్టారుకు కోపం రాలేదు. గడ్డం గోక్కున్నాడు. "చదివుండదు. దాన్నే అడుగుదాం. చిన్న రాళ్లున్నాయా?"

ఉన్నాయి. డ్రాయరులో నూనె గుడ్డ చుట్టుకుని ఎన్నాళ్లుగానో నిద్రపోతున్నాయి. మాస్టారు సంచిలోంచి గ్రాఫ్ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. అడుగున అడ్డంగా ఒక గీత, ఎడమ అంచున నిలువుగా ఒక గీత గీశాడు. "అడ్డగీత మీద నువ్వు వేసిన రాయి. నిలువుగీత మీద ముల్లు చెప్పిన మాట. రెండూ కలిసే చోట చుక్క పెట్టు. నేను పెట్టను, నువ్వే పెట్టాలి."

"పరీక్షా?"

"నీ కాటాకి."

మేస్త్రి క్లినిక్కు కాటాకు అరకిలో రాయి తగిలించాడు. ముల్లు కదల్లేదు. వేలితో తట్టాడు. కదల్లేదు. కిలో వేశాడు. రెండు వందల గ్రాముల దగ్గరికి వచ్చి ఆగింది. మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు.

"కిలో రాయి వేస్తే రెండొందలా! కూరలమ్మేవాడికి ఇలాంటిది ఇస్తే నా వీపు చీరేవాడు."

"ఏడుపు తర్వాత, చుక్క పెట్టు" అన్నాడు మాస్టారు. కళ్లు మెరుస్తున్నాయి.

రెండు కిలోలకు కిలో నాలుగు వందలు. మూడుకు రెండు కిలోల ఆరు వందలు. నాలుగుకు మూడు ఎనిమిది వందలు. ఐదుకు ఐదు. మేస్త్రి పెన్సిలు చెవి మీంచి తీసి, నాలుక మీద తడుపుకుని, ఒక్కో చుక్కా స్ప్రింగు కొన మలిచేంత ఒద్దికగా పెట్టాడు. తర్వాత స్టీలు స్కేలు ఆనించి చూశాడు. కిలో నుంచి ఐదు దాకా చుక్కలన్నీ ఒకే గీత మీదికి వచ్చి కూర్చున్నాయి. సున్నా చుక్కా అరకిలో చుక్కా మాత్రం ఆ వరసలోకి రామని అడుగు గీత మీదే ఉండిపోయాయి.

"చూశావా, మొదట్లో విరిగింది" అన్నాడు మాస్టారు. "స్ప్రింగు చెడిపోయింది. పారేసి ఇంకోటి వెయ్యి."

"పారెయ్యడం ఎంతసేపు? ఇన్నాళ్లూ దీంతో తూచారుగా, ఆ మాటలన్నీ ఏం చేస్తావ్?" మేస్త్రి స్కేలు తియ్యలేదు. ఆయనకు ఇంకేదో తొలుస్తోంది. ఇంత తిన్నగా పోయేది మొదట్లోనే ఎందుకు వంకర పోవాలి? స్కేలు వెంబడి పెన్సిలును వెనక్కి జరిపాడు. గీత అడ్డగీతను దాటి కిందికి దిగింది. కాగితం అంచులో, నిలువుగీతను సున్నా కింద ఒక కిలో దగ్గర తాకింది.

"సున్నా కింద కిలో ఏంటి బావా? తక్కువ బరువుండటమే కానీ, లేని బరువుకి కూడా తక్కువుంటుందా?"

"గీత అలా అంటోంది. నేను కాదు."

కూతురు పిల్లను భుజాన వేసుకుని వచ్చి కాటా ముఖంలోకి వంగి చూసింది. "మావయ్యా, ముల్లు సున్నా కిందికి పోవాలనుకున్నా పోలేదుగా? అక్కడ మేకు అడ్డం ఉంది."

మేస్త్రి తల ఎత్తాడు. ప్రతి కాటాకూ ఉండే మేకే. ముల్లు వెనక్కి పడిపోకుండా సున్నా పక్కనే బిగిస్తారు. ఎప్పుడూ కంటి ముందు ఉండేదే కాబట్టి ఆయన కంటికి ఎప్పుడూ ఆనలేదు. అద్దం విప్పి, పటకారుతో మేకు పీకాడు. ముల్లు ఒక్క గెంతులో వెనక్కి వెళ్లి, సరిగ్గా కిలో వెనక నిలబడి కాస్త ఊగింది.

పిల్ల ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది.

"ఇది సున్నా మీద నిలబడలేదు" అన్నాడు మేస్త్రి మెల్లగా. "మేకుకు జారబడింది. నేను ఐదు దగ్గర కుదరడం కోసం స్క్రూ తిప్పి ముల్లును వెనక్కి లాగాను. అది ఇక్కడ దాక్కుంది."

"నేను కూడా అబద్ధపు చుక్కను నమ్మి గీత గీశాను" అన్నాడు మాస్టారు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇప్పుడు చెప్పు. కిలో రాయి పెంచినప్పుడల్లా ముల్లు ఎంత ముందుకొచ్చింది?"

"రెండొందల నుంచి కిలో నాలుగొందలకి. అక్కణ్ణుంచి రెండు ఆరొందలకి. ప్రతిసారీ కిలో రెండొందలు."

"అది గీత వాలు. మొదలైంది ఎక్కడ?"

"సున్నా కింద కిలో."

"దాన్ని అంతరఖండం అంటారు. ఈ రెండూ చేతిలో ఉంటే గీత మొత్తం నీ చేతిలో ఉన్నట్టే. అసలు బరువుని ఒకటి పాయింటు రెండుతో హెచ్చవెయ్, ఒకటి తీసెయ్. ముల్లు చెప్పే మాట వస్తుంది." కాగితం మూలన రాశాడు. మేస్త్రి భయపడిన అక్షరాలు అందులో రెండే ఉన్నాయి. ఒకటి రాయి, ఒకటి ముల్లు. ఆ మాట బళ్లో ఎవడైనా చెప్పి ఉంటే మానేసేవాణ్ణా అనుకున్నాడు. అనుకుని, చెప్పనివాళ్లందరినీ మనసులో పేరుపేరునా తిట్టుకున్నాడు.

"నాకు ముల్లు మాట తెలుసు. అసలు బరువు కావాలి."

"అయితే వచ్చిన దారినే వెనక్కి నడువు."

మేస్త్రి పెన్సిలు పట్టుకున్నాడు. చివర తీసింది ముందు కలపాలి. రెండు తొమ్మిది వందలకు కిలో కలిపితే మూడు తొమ్మిది వందలు. దాన్ని ఒకటి పాయింటు రెండుతో భాగించాలి. మూడుసార్లు పోయింది. మిగిలింది పాయింటు మూడు. పన్నెండులో మూడంటే పావు.

"మూడుంబావు" అన్నాడు.

గుమ్మం దగ్గరి కాటా చెప్పింది కూడా అదే. కూతురు నవ్వబోయి ఏడ్చి, ఏడవబోయి నవ్వింది. మేస్త్రి భార్య తమ్ముడి వీపు మీద ఒకటి చరిచింది. అది మెచ్చుకోలని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

స్ప్రింగును ఎలా బాగుచెయ్యాలో గీతే చెప్పింది. కిలో సాగాల్సింది కిలో రెండొందలు సాగుతోందంటే చుట్లు ఎక్కువున్నాయి. ఆరు చుట్లకు ఒకటి చొప్పున కోసి, ముల్లును మేకు అండ లేకుండా సున్నా మీద నిలబెట్టి, చిన్నరాయి నుంచి పెద్దరాయి దాకా ఒక్కొక్కటే వేశాడు. ముల్లు చెప్పినమాట విన్నది. మేకు మళ్లీ బిగించాడు.

తూకాల రోజు పొద్దున్నే క్లినిక్కుకు వెళ్లి నర్సమ్మ ముందు రాళ్లన్నీ వేసి చూపించాడు. తప్పు తనదేనన్నాడు. పిల్లను తూస్తే ముల్లు మూడుంబావు దాటి ఇంకో గీత ఎక్కింది. నర్సమ్మ కార్డు మీద పాత అంకె కొట్టేసి, "పో, నీ పాలు బాగానే చాలుతున్నాయి" అని బాలింత భుజం తట్టింది. తర్వాత మేస్త్రిని కూర్చోమంది. ఆ గొంతులో మన్నింపు లేదు.

"నీ మనవరాలి సంగతి తేలింది. మిగతా పిల్లల సంగతి?"

మేస్త్రి గ్రాఫ్ కాగితం పరిచాడు. ఆమె కార్డుల్లోంచి అంకెలు చదువుతుంటే ఆయన ఒకటి కలిపి భాగించసాగాడు. ఐదు కిలోల లోపు పిల్లలందరూ అనుకున్నదానికంటే బరువే తేలుతున్నారు. ప్రతి అంకెకీ నర్సమ్మ మొహం కాస్త తేటపడింది. మేస్త్రికి కూడా హుషారొచ్చింది.

"ఎనిమిది" అంది నర్సమ్మ. "వీడు జబ్బు పడి లేచినవాడు. ఎనిమిదికి వచ్చాడని పోయిన వారమే బలం పొడి ఆపేశాను."

ఒకటి కలిపితే తొమ్మిది. భాగించాడు. మళ్లీ భాగించాడు. ఏడున్నర.

కాగితం మీద చూశాడు. ఐదు దగ్గర తన గీత, ఎంత బరువుకు అంతే చెప్పే నిజం గీతను దాటి, అక్కణ్ణుంచి పైకెక్కి పోతోంది. మనవరాలు ఐదుకు ఇవతల ఉంది కాబట్టి అవతల ఏముందో తను చూడనేలేదు.

"ఎనిమిది కాదమ్మా" అన్నాడు. "వాడు అరకిలో తక్కువున్నాడు."

నర్సమ్మ పొడి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టి, ఇల్లు ఎక్కడో చెప్పింది. తూకానికి వచ్చిన తల్లుల వరసను ఒక్క నిమిషం ఆగమంది. నిమిషంలో అయ్యే పని కాదని ఆమెకూ తెలుసు. మేస్త్రి కాటా విప్పి భుజాన వేసుకున్నాడు.

ఆ ఇంటి తలుపు తీసిన తల్లి ఆయన భుజం మీద కాటాను చూసి నవ్వింది. "మావాడు బాగా పుంజుకున్నాడని నర్సమ్మ ఇంటికే పంపిందా ఏంటి?"

"ఒక్కసారి తూద్దాం తల్లీ" అన్నాడు మేస్త్రి. డబ్బా గడప మీద పెట్టి, కాటా తగిలించడానికి దూలంలో కొక్కెం ఎక్కడుందా అని పైకి చూశాడు.