కర్రిగాడి కోరలు

పంచాయతీ ఆఫీసు వరండాలో నరసింగరావు ఒక కాగితం విప్పి పెద్దమనుషుల ముందు పరిచాడు. అది తను గీసిన బొమ్మేనని షీబా చూడగానే గుర్తుపట్టింది.

షీబా చీపురుపల్లిలో డ్రాయింగ్ టీచరు. సెలవురోజుల్లో ఊరవతల మందల దగ్గరికి పోయి, గొర్రెల్ని కాసే కుక్కల్ని పెన్సిలుతో గీస్తుంది. ఉన్నదున్నట్టు గీస్తే ఆమెకు తనివి తీరదు. గొర్రెలు కాసే గున్నమ్మ మందలోని నల్లకుక్క కర్రిగాడిని కొండంత చేసింది. వీపు మీద గొర్రెలు మేస్తున్నాయి, తెరిచిన నోట్లో కోరలు నాగలి కర్రుల్లా ఉన్నాయి. ముచ్చటపడి ఫోన్లో స్టేటస్ కూడా పెట్టుకుంది.

మూడో రోజు నరసింగరావు దూడ తొడను ఏదో కరిచింది. గున్నమ్మ మంద తన మినపచేలో పడిందని అతనికి అప్పటికే కడుపుమంట. ఆ బొమ్మ ఎలాగో సంపాదించి ప్రింటు తీయించాడు.

"సూడు జగన్నాధం బావా! టీచరమ్మ కళ్లారా సూసి గీసింది. ఇది కుక్కేటి, పులి! మందెట్టి సంపకపోతే రేపు పిల్లల్ని పీకుతాది."

"అది నా ఊహండీ. నిజం కాదు," అంది షీబా.

"ఊహేటి? సెవి మీద ఆ కోత కర్రిగాడిది కాదా? కాదని సెప్పు!"

చెవిని మాత్రం ఆమె ఉన్నదున్నట్టే గీసింది. చుట్టూ చేరినవాళ్లు "సంపీయండి" అని కేకలు మొదలెట్టారు.

మెట్ల కింద గున్నమ్మ కుక్క మెడతాడు పట్టుకుని నిలబడింది. ఆమె నరసింగరావు వంక చూడలేదు. షీబానే చూస్తోంది.

"దాహమంటే నీళ్లిచ్చినాను. గొడుగు నీడనిచ్చినాను. నా కుక్క నీకేటి సేసినాదే?"

అప్పుడే షీబాకు గుర్తొచ్చింది. బొమ్మ గీసినవేళ కర్రిగాడు ఆవలించినప్పుడు నోట్లో గీయడానికి పెద్దగా ఏమీ కనపడలేదు. అందుకేగా ఆ కోరలు తను కల్పించింది! గబగబా మెట్లు దిగింది.

"గున్నమ్మా, ఒక్కసారి దాని నోరు తెరిచి చూపించు."

"ముట్టుకున్నావంటే సెయ్యిరగ్గొడతాను."

"నేను ముట్టుకోను. నువ్వే తెరువు. వాళ్లని చూడనీ."

గున్నమ్మ పళ్లు కొరుకుతూనే కర్రిగాడి దవడలు విడదీసింది. పైకోరలు రెండూ లేవు. ఎప్పుడో ఎద్దు తన్నినప్పుడు ఊడిపోయాయట. కింద మిగిలినవి కూడా అరిగిపోయిన మొద్దులే. పెద్దమనుషుల్లోంచి జగన్నాధం దిగివచ్చి వంగి చూశాడు. పొద్దున దూడకు కట్టు కట్టించింది ఆయనే.

"దూడకి పైన రెండు, కింద రెండు, నాలుగు గాట్లు లోతుగా దిగినాయి, నరసింగం. ఈ కుక్క పని కాదు."

నరసింగరావు ముఖం నల్లబడింది. కాగితం ఉండచుట్టి కర్రిగాడి మీదకి విసిరాడు. "ఈపాలికి బతికినాది. మా సేలో కాలెట్టనీ, అప్పుడు సెప్తాను," అని కండువా దులుపుకుని పోయాడు.

జనం పలచబడ్డాక షీబా గున్నమ్మ దగ్గరికి వెళ్లింది. "తప్పయిపోయింది గున్నమ్మా. ఈసారి ఉన్నదున్నట్టు గీసిస్తాను."

"అక్కర్లేదు. నీకిది ఆట. ఈడు లేకపోతే నాకు మందే లేదు. ఇంక మా సాయలకి రాకు."

అయినా షీబాకి మనసు ఊరుకోలేదు. ఆదివారం చర్చి అవగానే బిస్కట్ పొట్లం పట్టుకుని బయల్దేరింది. కోసేసిన వరిమడిలో మంద ఉంది. దూరంనుంచే చూసిన గున్నమ్మ పలకరించలేదు, తిట్టలేదు. కుక్క వైపు తిరిగి, "ఉస్కో!" అంది.

కర్రిగాడు గట్టుమీంచి బాణంలా వచ్చాడు. షీబా పొట్లం పారేసి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. కాలవ దాటేటప్పుడు ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. దానికోసం ఆమె వెనక్కి వెళ్లలేదు.