పైలీ మాష్ ఎడమచేతి బటన్

పైలీ మాష్‌కి, అంటే పైలీ మాస్టారికి, కంటి ఆపరేషన్ తేదీ సరిగ్గా చర్చి పెరున్నాళ్ పండుగ వారంలోనే పడింది. డాక్టరు తేదీ జరపనన్నాడు. పండుగ తేదీ కూడా మారేది కాదు. మాష్ పాతికేళ్ళుగా చర్చిలో కీబోర్డు మీద వాయించే పాటలన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి, కాగితం మీద ఒక్క ముక్క లేదు. అందుకని ఆయన వాయిద్యం ముందే ఇంట్లో రికార్డు చేసుకుని, పండుగనాడు దాంతోపాటు పాడేద్దామని పాటల బృందం తీర్మానించింది.

ఆ పని కోడలు లిన్సీ మీద పడింది. త్రిశ్శూర్‌లో పియానో పరీక్షలన్నీ గట్టెక్కిన పిల్ల, పెళ్ళయి వచ్చి ఏడాది కాలేదు. మాష్ తర్వాత కీబోర్డు ముందు కుర్చీ ఈ పిల్లకివ్వాలా, పాలా పట్నం నుంచి ఎవరినైనా తెచ్చుకోవాలా అని బృందం ఇంకా నాన్చుతూనే ఉంది. ఈ రికార్డింగు కుదిరితే కుర్చీ లిన్సీది, చెడితే కాదు. పైకి ఎవరూ అనలేదు గానీ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు.

ఇక మాష్ సంగతి. ఆ చుట్టుపక్కల ఆయనకున్న పేరంతా ఒక్క విద్య వల్ల వచ్చింది. ఏ గొంతు ఏ శ్రుతి అడిగితే ఆ శ్రుతిలో అప్పటికప్పుడు వాయిస్తాడని. నిజానికి ఆయన వాయించేది ఎప్పుడూ ఒకటి శ్రుతే, అన్నిటికన్నా సులువైనది. కీబోర్డుకి ఎడమపక్క ఒక బటన్ ఉంటుంది, నొక్కినప్పుడల్లా శ్రుతి అర మెట్టు పైకి పోతుంది. ఎడమ అరచేయి అడ్డం పెట్టి దాన్ని నొక్కేసి, వేళ్ళు మామూలుగా తెల్ల మెట్ల మీదే నడిపించేవాడు. ఈ గుట్టు భార్య రోసమ్మకి కూడా చెప్పలేదు మహానుభావుడు.

లిన్సీ కీబోర్డు వెనక ఒక తీగ గుచ్చి, రెండో కొస కంప్యూటర్‌కి పెట్టింది. మొదట కంప్యూటర్ కీబోర్డునే గుర్తుపట్టలేదు. తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి కంప్యూటర్‌నే ఆర్పి వెలిగిస్తే దారికొచ్చింది. మాష్ మధ్యాహ్నమంతా కూర్చుని పండుగ పాటలన్నీ వాయించాడు. గదిలో కీబోర్డు ఎప్పటిలాగే పలికింది. ఆయన ధీమాగా లేచి, శొంఠి కాఫీ అడిగాడు.

తర్వాత లిన్సీ వాటిని కంప్యూటర్‌లో వినిపించింది. అన్నీ ఒకటి శ్రుతిలోనే వచ్చాయి. ఆడవాళ్ళ పాట బావిలోంచి వచ్చినట్టుంది. తెర మీద ఆయన నొక్కిన ప్రతి మెట్టూ ఒక చిన్న గీతగా పడి ఉంది, పాట మారినా గీతలన్నీ అవే తెల్ల మెట్ల వరసల్లో. విషయమేమిటంటే ఆ తీగలో శబ్దం పోదు. ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎంతసేపు నొక్కారన్న కబురు మాత్రమే పోతుంది. శ్రుతి పెరగడం ఆ కీబోర్డు కడుపులో ఆ తర్వాత జరిగే పని.

మాష్ తెర వైపు చూశాడు. మసకబారిన కంటికి కూడా ఆ గీతలు బాగానే కనిపించాయి. చెవులు వేడెక్కాయి. లిన్సీ ఆయన మొహం చూడకుండా నెమ్మదిగా అడిగింది.

"అప్పచ్చా, ఏ పాట ఎంత పైకి పోవాలో చెప్పండి చాలు. నేను ఇందులోనే జరిపేస్తాను."

చెబితే ఒక్క నిమిషం పని. కానీ చెప్పడమంటే బటన్ సంగతి ఒప్పుకోవడమే. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, నేను సరిగ్గానే వాయించాను, నీ తీగే ఏదో తేడాగా ఉంది చూసుకో అని లోపలికి పోయాడు. లిన్సీ రెండు రోజులు తీగలు మార్చినట్టు నటించింది. నటిస్తోందని ఆయనకి తెలుసు, తెలుసని ఆమెకీ తెలుసు. అన్నం కూడా ఆయనకి సరిగా సయించలేదు.

శనివారం బృందం రికార్డింగుతో పాడి చూసుకోడానికి వాళ్ళింటికే వచ్చింది. పెద్ద గొంతు అవరాచ్చన్, ఆడవాళ్ళ వరసకి పెద్దదైన ఏలికుట్టి, మిగతా అందరూ. పాట మొదలైంది. ఒకరు ముందు, ఒకరు వెనక, శ్రుతి పాతాళంలో. రెండో పాటా అంతే. ఏలికుట్టి నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. అవరాచ్చన్‌కి నవ్వు రాలేదు.

"ఏం పిల్లా, అన్ని పరీక్షలు పాసయ్యావు, ఒక్క తీగ గుచ్చడం రాలేదా?" అన్నాడు. "మాష్ వాయిద్యాన్ని మాష్ ఇంట్లోనే పాడుచేశావు కదే."

లిన్సీ తల దించుకుని, తప్పు నాదే అవరాచ్చన్ చేట్టా, తీగ తప్పుగా పెట్టాను అంది. పాలాకి కబురు పెడదామా అని వెనక ఎవరో గొణిగారు.

మాష్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఊరుకుంటే పేరు నిలుస్తుంది. ఈ పిల్ల కుర్చీ పోతుంది. ఇప్పుడు ఒప్పుకుంటే కలిగే సిగ్గు కంటే రెండు రోజుల నుంచీ నమలుతున్న సిగ్గే ఆయనకి ఎక్కువ చేదనిపించింది.

"తీగ మంచిదే," అన్నాడు. "నేనే మంచివాణ్ణి కాదు. నాకు ఒకటి శ్రుతి తప్ప రాదు అవరాచ్చా. ఇన్నేళ్ళూ ఆ బటన్ నొక్కి మిమ్మల్ని మోసం చేశాను."

గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏలికుట్టి చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది, అవి నవ్వు నీళ్ళే.

"ఎవర్ని మోసం చేశారు మాష్? మీరా బటన్ ఎన్నిసార్లు టక్కుమనిపిస్తారో విని కదా మేం గొంతు సవరించుకునేది! మూడంటే మా ఆడవాళ్ళ పాట, అయిదంటే శ్రుతి అందక అవరాచ్చన్ చచ్చాడనే లెక్క. చివరి టక్కుకి ఊపిరి పీల్చుకుని ఎత్తుకుంటాం. ఈ రికార్డులో టక్కులే లేవు, ఇంకెక్కడ ఎత్తుకోమంటారు?"

పాతికేళ్ళు అరచేయి అడ్డం పెట్టింది ఎవరికోసమో మాష్‌కే అర్థం కాలేదు. కోపం కూడా వచ్చింది, ఒక్కరైనా ముందే చెప్పి ఉండొచ్చు కదా అని. అవరాచ్చన్ మాత్రం లిన్సీ వైపు తిరిగి, మా నోటి దురుసు మన్నించమ్మా మోళే, ఆ టక్కులు కూడా పడేలా చెయ్యగలవా అని అడిగాడు.

చేసింది. తీగలో టక్కు పోదు కాబట్టి బటన్ పక్కన మైకు పెట్టి, మాష్ చేత మళ్ళీ నొక్కించింది. ఏ పాటకి ఎన్ని నొక్కులో మాష్ పైకే చెబుతుంటే కంప్యూటర్‌లో ఆమె శ్రుతులు జరిపింది. పాలా కబురు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పెరున్నాళ్ రోజు మాష్ కంటికి కట్టుతో వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. చర్చి మైకులు కొండ దిగువ రబ్బరు తోటల దాకా వినిపిస్తాయి. ఫాదర్ ప్రార్థన ముగిసింది. మైకులో టక్, టక్, టక్ అంది, వెనకే ఆడవాళ్ళ పాట ఒక్క గొంతుగా లేచింది.

రోసమ్మ చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది.

"ఆ చప్పుడేమిటి? మైకు పాడైందా?"

"కాదు," అన్నాడు పైలీ మాష్. "అది నేనే."