మరదలు ఎంచిన రాళ్లు

ఈకమ్మ అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. ఆమె గడ్డం చేస్తుంటే కత్తి చర్మాన్ని ఆనిందో లేదో కూడా తెలిసేది కాదు. ఎప్పుడో ఒకాయన కుర్చీలోంచి లేస్తూ "ఈక తగిలినట్టుందమ్మా" అన్నాడు. అప్పటినుంచి అదే పేరైపోయింది. తండ్రి పెట్టిన సెలూన్‌లో ఇరవై ఏళ్లుగా ఆమెదే చెయ్యి. కిటికీ పక్క కుర్చీ ఆమెది, గోడవైపుది తండ్రిది. వచ్చినవాళ్లు ఆమె ఖాళీ అయ్యేదాకా పేపరు తిరగేస్తూ కూర్చునేవాళ్లే తప్ప, గోడవైపు కుర్చీ ఎక్కేవాళ్లు ఏ ఒకరో ఇద్దరో.

అంత పేరున్న ఈకమ్మకు ఒక పని మాత్రం చేతికి రాలేదు. రానివ్వలేదు అనడమే న్యాయం. అది కత్తి నూరడం. పొద్దున్నే వెనకగదిలో సింకు పక్కన స్టూలు వేసుకుని, తండ్రి కత్తులన్నీ నూరి, తోలుపట్టీ మీద లాగి, తెచ్చి అద్దం ముందు పెట్టేవాడు. ఆమె చెయ్యి చాచినప్పుడల్లా ఒకటే మాట.

"నీ చెయ్యి బరువమ్మా. అంచు పాడైపోతుంది."

ఊరంతా ఈక అనే చేతిని కన్నతండ్రి బరువంటాడు! మొదట్లో నవ్వేసింది. తరవాత అలిగింది. ఆ తరవాత అడగడమే మానేసింది.

తమ్ముడికి ఈ పని మీద మనసు లేదు, బస్సు నడుపుతాడు. అతనికి పెళ్లయి ఎనిమిది నెలలైంది. కొత్త మరదలు ఇంట్లో ఊసుపోక సెలూన్‌కు వచ్చి తువ్వాళ్లు ఉతికి ఆరేసేది. మనిషి నెమ్మది, మాట తక్కువ. ఈకమ్మకు ఆ పిల్లంటే ఇష్టమే, ఒక మంగళవారం పొద్దుటిదాకా. ఆరోజు వేడినీళ్ల కోసం వెనకగదిలోకి వెళ్లేసరికి, స్టూలు మీద మరదలు కూర్చుని ఉంది. తండ్రి పక్కన నిలబడి, "అదీ, అలాగే తల్లీ, కత్తి వీపు రాయిని వదలకూడదు" అంటున్నాడు.

ఈకమ్మ నీళ్లు తీసుకోకుండానే వెనక్కి వచ్చేసింది. ఆపూట ఒక పెద్దమనిషికి చన్నీళ్లతోనే గడ్డం చేసింది. ఆయన వణుకుతూనే చేయించుకున్నాడు.

అక్కడినుంచి మరదలు ఏం చేసినా ఆమెకు ఒళ్లు మండేది. తువ్వాలు మడతపెడితే వంకర, నవ్వితే వెటకారం. "కత్తి ఇవాళ బాగా తెగుతోందే" అని ఎవరైనా అంటే, ఆ మెప్పులో సగం వెనకగదిలోకి పోతున్నట్టు అనిపించేది.

ఇంతలో కత్తులు నూరే పాత సానరాయి మధ్యలో అరిగి గరిటెలా గుంటపడింది. దాని మీద కత్తి అంచు సరిగ్గా రావడం లేదు. తండ్రికి చేతులు వణకడం మొదలైంది. కొత్తరాళ్లు తెచ్చుకుందామని ఆయనే అన్నాడు.

"ఒకటి గరుకుది, అంచు తియ్యడానికి. ఒకటి నున్నది, మెరుగు పెట్టడానికి. ఆ రెండూ గుంటపడకుండా చదునుచేసే పలక ఒకటి. మూడు చాలు. పిల్ల చూసి ఎంచుతుంది. నువ్వు తోడు వెళ్లమ్మా."

తోడు! ఇరవై ఏళ్లు కత్తి పట్టిన మనిషి, ఎనిమిది నెలల కిందట వచ్చిన పిల్లకు తోడు. ఈకమ్మ పెదవి కొరుక్కుని చెప్పులు వేసుకుంది.

రాళ్లమ్మే ఆయనది ఇరుకైన కొట్టు. పొడవాటి బల్ల, దాని మీద నీళ్ల తొట్టి, గోడంతా అరలు. ఈకమ్మ ముందుకు వెళ్లి, చెక్కపెట్టెలో వరసగా అమర్చిన ఏడురాళ్ల సెట్టు మీద చెయ్యి వేసింది.

"ఇది తీసుకుందాం."

"ఇన్నెందుకు వదినా? మామయ్యగారు మూడన్నారుగా."

"మీ మామయ్యకి తెలిసిందే లోకమా? కొత్తవి ఎన్నో వచ్చాయి."

కొట్టాయన నవ్వాడు. "ఏడురాళ్లు కొన్నవాళ్లు రోజంతా రాళ్లే చూసుకుంటూ కూర్చుంటారమ్మా, గడ్డాలెప్పుడు చేస్తారు? మీకు రెండు చాలు, పలక ఒకటి."

ఈకమ్మ ముఖం ఎర్రబడింది. మరదలు అప్పటికే బల్ల దగ్గర పనిలో పడిపోయింది. గరుకురాయిని చిటికెలో ఎంచింది. నున్నరాళ్లు ఒకే రంగువి అయిదున్నాయి. ఒక్కోదాన్నీ తడిపి, దాని మీద గోరు నడిపి, వెంట తెచ్చిన కత్తిని రెండుసార్లు లాగి, చెవి దగ్గరగా వంచి ఆ చప్పుడు విన్నది. మూడోదాన్ని పక్కన పెట్టింది.

"ఆ రాయి నేను ఉంచుకుందామనుకున్నానమ్మా!" అన్నాడు కొట్టాయన. తరవాత ఈకమ్మ వైపు తిరిగి, "మీ మరదలి వేళ్లకు కళ్లున్నాయి" అన్నాడు.

మరదలు తొట్టి దగ్గర చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. కొట్టాయన మిగిలిన రాళ్లు సర్దుతూ ఒకదాన్ని విడిగా పెట్టాడు. "ఇది కిందపడింది. లోపల సన్నటి బీట ఉంది, పైకి కనపడదు. కూరగాయల కత్తులకు పరవాలేదు, గడ్డం కత్తి పెడితే అంచు చిట్లుతుంది" అంటూ కాగితం కోసం వెనక్కి తిరిగాడు.

ఈకమ్మ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చేసేది కాదు. బీటరాయి ఇటు వచ్చింది, మంచిరాయి అటు వెళ్లింది. కొట్టాయన ఇటు తిరిగి, ముందున్న రాయినే కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రం మరదలు రాయిని పట్టుకుని వచ్చింది.

"వదినా, ఇది నేను తీసింది కాదేమో. మధ్యలో ఎక్కడో గోరుకు తగులుతోంది. కొట్టాయన పొరపాటు పడ్డాడేమో, వెళ్లి అడుగుదామా?"

"నీవన్నీ అనుమానాలే. మన కళ్లముందేగా కట్టాడు?"

పిల్ల తన వేళ్ల వంక చూసుకుంది. "అంతేనేమో లెండి" అని వెళ్లిపోయింది. ఆ మాట గెలిచినందుకు సంతోషించాలి. ఈకమ్మకు ఎందుకో అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే తండ్రి కిటికీ పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. "కొత్తరాయి. మొదటి అంచు నా చెంపకే. కానియ్యమ్మా."

ఇది ఈకమ్మ అనుకోలేదు. ఎవరో ఒక కస్టమరు చురుక్కుమంటోందంటాడు, మరదలు తలదించుకుంటుంది, ఆమె ఊహ అక్కడిదాకానే వెళ్లింది. నురగ పట్టించింది. కత్తి తీసుకుంది. మరదలు తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇప్పుడు చెప్పేయొచ్చు. అయినా చెంప మీద కత్తి దించింది.

వెంట్రుకలు తెగలేదు, లాగాయి. తండ్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. నురగలో ఎర్రటి చుక్క ఒకటి పొడుచుకొచ్చింది.

"ఇదేనా తల్లీ నువ్వెంచిన రాయి?" అన్నాడు ఆయన, గుమ్మం వైపు చూసి.

మరదలి ముఖంలో నెత్తురు లేదు. "తప్పు నాదే మామయ్యగారూ. చేతికి తెలిసింది, అయినా నూరాను."

"పోనీలే. ఇంక నువ్వు ముట్టుకోకు. అందరిలాగే బ్లేళ్లు తెచ్చుకుందాం."

మరదలు కత్తి నూరే ముచ్చట అక్కడితో ముగిసింది. ఈకమ్మ కోరుకున్నది సరిగ్గా అదే. కానీ ఆ పిల్ల తువ్వాలును గుండెలకు అదుముకుని నిలబడిన తీరు చూస్తే, ఆ విజయం మింగుడుపడలేదు.

"రాయి నేను మార్చాను నాన్నా," అంది.

తండ్రి సగం నురగతో అలాగే తలతిప్పాడు. "ఎందుకూ?"

"ఎందుకంటావేంటి? ఇరవై ఏళ్లు అడిగాను. నా చెయ్యి బరువన్నావు. నిన్నగాక మొన్న వచ్చినదాన్ని కూర్చోబెట్టి నేర్పావు. ఏం, నీకు కూతుర్ని కాదా?"

 నురగ చెంప మీదే ఆరిపోయింది.

"నీ చెయ్యి ఎప్పుడూ బరువు కాదమ్మా," అన్నాడు చివరికి. "నువ్వు కత్తి పట్టిన ఏడాదికే నా కుర్చీ ఖాళీ అయింది. నా స్నేహితులు కూడా నీ కోసమే కూర్చునేవాళ్లు. బయటికి మురిసిపోయేవాణ్ణి గానీ లోపల కుళ్లుకునేవాణ్ణి. నాకంటూ ఆ రాయి ఒక్కటే మిగిలింది. అదీ నీకిచ్చేస్తే ఇక నేనెందుకు? ఈ పిల్ల నాకు పోటీ కాదు. అందుకని నేర్పగలిగాను."

ఈకమ్మకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ ఆ కోపం ఎటు పోవాలో తెలియక మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే ఆయన చెప్పిన కుళ్లు ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ వివరించక్కర్లేదు. తడిబట్టతో తండ్రి ముఖం తుడిచింది.

మరదలు మాత్రం అంత తేలిగ్గా కరగలేదు. రాయి మార్చుకోవడానికి కొట్టుకు వెళ్లేటప్పుడు దారంతా నాలుగడుగులు ముందే నడిచింది. కొట్టాయనకు జరిగింది ఈకమ్మ తన నోటితోనే చెప్పాలని పట్టుబట్టి, పక్కన నిలబడి విన్నది. తిరిగివస్తూ ఒక్కమాట అంది.

"రాయి మార్చినందుకు కాదు వదినా. నా వేళ్లు అబద్ధమాడుతున్నాయని నన్ను నమ్మించారు చూడండి, అందుకు."

ఈకమ్మ నడక ఆపింది. తప్పయిందని చెప్పింది. మరదలు తల ఊపిందే గాని నవ్వలేదు. నవ్వడానికి మూడు వారాలు పట్టింది.

ఆ మూడు వారాల తరవాత పొద్దున్నే వెనకగదిలో రెండు స్టూళ్లు పడ్డాయి. తండ్రి కుర్చీ తెచ్చుకుని కూర్చుని ఇద్దరికీ వంకలు పెట్టేవాడు. ఈకమ్మ నూరిన కత్తులు పరవాలేదు అన్నంత వరకు వచ్చాయి. అంతకుమించి రాలేదు. మరదలి అంచు వేరు, అది ఆమెకు రోజూ తెలుస్తూనే ఉంటుంది, రోజూ కాస్త గుచ్చుకుంటూనే ఉంటుంది.

మొన్న మందులషాపు ఆయన గడ్డం చేయించుకుని, చెంప తడుముకుంటూ, "అబ్బ, ఏం కత్తి ఈకమ్మా! నువ్వే నూరావా?" అన్నాడు.

అవునంటే ఎవరూ కాదనరు. మరదలు పెరట్లో తువ్వాళ్లు ఆరేస్తోంది. ఈకమ్మ కత్తి తుడిచి, మడిచి, అవసరం లేకపోయినా మళ్లీ తెరిచి తుడిచింది.

"మా మరదలండీ," అంది, గొంతు పెంచి, పెరట్లోకి వినపడేలా.