దోసిట్లో దొన

వేంపల్లెకు పడమర, కొండ కింద ఊళ్లో సిద్దమ్మ పొద్దున లేవగానే ఇంట్లోవాళ్ల చెంబులు చూసుకునేది. ఆ ఊళ్లో అందరూ చూసుకుంటారు. చావు దగ్గరపడినవాళ్ల చెంబు మీద కొండకప్ప వచ్చి కూర్చుంటుంది. దాన్ని తడిగుడ్డలో చుట్టి తీసుకుపోయి, కొండమీద బండల నడుమ నీళ్లు నిలిచే దొనలో వదిలితే గండం దాటిపోతుంది. తాతల నాటి నుంచి జరిగేదే గనక ఎవరూ దాన్ని పెద్దగా మాట్లాడుకోరు.

ఆ జాతి కప్పలు ఇంకెక్కడా లేవు. తిరుపతి నుంచి ఎవరో సార్లు వచ్చి ఫొటోలు తీసుకుని, ఇవి అంతరించేట్టుండాయి, దొన జాగ్రత్త అని చెప్పిపోయారు. ఎవరికి చెప్పారో ఏమో, రెండువేల ఆరులో కొండకు క్వారీ వచ్చింది. సిద్దమ్మ మొగుడు ఓబుళేశుకు అందులోనే పని, రాతికి మందు కూరి పేల్చడం.

ఒక సోమవారం కప్ప శిల్ప చెంబు మీద ఉండింది. శిల్ప వాళ్లకు ఒక్కతే కూతురు. సిద్దమ్మ గుడ్డ తడిపి కప్పను చుట్టింది.

"యాడికి?" అన్నాడు ఓబుళేశు.

"యాడికేంది, దొనకు."

"దొన లేదు మే. మొన్న నేనే మందు పెట్టినా. నేను కాదంటే ఇంకొకడు పెడతాడనుకున్నా."

సిద్దమ్మ తిట్టలేదు. తిట్టేదానికి కూడా భయమేసింది. బిందెడు నీళ్లు అతని భుజానికెత్తి, పిల్లను ముందు నడిపించి కొండెక్కింది.

దొన ఉన్న చోట కంకర కుప్ప ఉంది. బిందె వంచితే నీళ్లు నెర్రెల్లోకి దిగిపోయాయి. కప్ప గొంతు కొట్టుకోవడం తగ్గింది.

"అమ్మా, కండ్లు మసకలుగా ఉండాయి" అని శిల్ప కూలబడింది.

సిద్దమ్మ బిందె అడుగున మిగిలిన నీళ్లు దోసిట్లో పట్టి, కప్పను అందులో వదిలింది. పిల్ల ఊపిరి తీసుకుంది. దోసిట్లోంచి ఒక్క చుక్క కారలేదు.

అప్పటినుంచి సిద్దమ్మ కొండమీదనే ఉంది. ఓబుళేశు క్వారీ పని మాని, రోజూ నీళ్లు మోసుకొచ్చి ఆ దోసిట్లో పోస్తాడు. ఊరివాళ్లు ఆమెకు ఎండ తగలకుండా పందిరి వేశారు. శిల్ప హైస్కూలుకు పోయే ముందు వచ్చి అన్నం కలిపి తల్లి నోట్లో పెడుతుంది.

నిన్న పక్క గుట్ట మీద క్వారీ సైరన్ మోగింది. పేలుడుకు కాళ్ల కింద బండ అదిరింది. తల్లి మోచేతి మీదుగా తడి జారడం చూసి, శిల్ప చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నీళ్లు కారతాండాయి అమ్మా."

"చెమటలే. టైమైతాంది, బడికి పో" అంది సిద్దమ్మ, దోసిలి మీంచి చూపు తిప్పకుండా.