బొంత మీది జేబు

పుట్టబోయే బిడ్డకు బొంత కుడతానని కోడలు ముచ్చటపడి మిషను ముందు కూర్చుంది. పాత చీరలు, పరికిణీలు ముక్కలు చేసి, ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన ఆకుపచ్చ కలుపుకుంటూ పైపొర పూర్తిచేసింది. నట్టనడుమ మాత్రం పోయిన మామగారి నీలం చొక్కా ముక్క, జేబుతో సహా వేసింది. ఖాళీ జేబు వదులుగా తెరుచుకుంటోందని దాని మూతి కూడా గట్టిగా కుట్టేసింది.

అది చూసి అత్తగారి మొహం కందగడ్డయింది.

"ఎవర్నడిగి కుట్టావు?" అంటూ కత్తెర అందుకుంది. ఆవిడ నోరంటే ఇంటిల్లిపాదికీ హడలే.

"తెలీక చేశాను. విప్పేస్తానత్తయ్యా..."

"నువ్వు ముట్టుకోకు! వెలగబెట్టింది చాలు."

ముక్క మొత్తం ఊడబెరుకుతుందని కోడలు బిక్కచచ్చిపోయింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, జేబు మూతి మీది కుట్లు మాత్రమే ఒక్కొక్కటిగా విప్పింది. లోపలికి రెండు వేళ్లు పెట్టి అడుగుదాకా తడిమింది.

"మీ ఆయన నడక నేర్చిందే వాళ్ల నాన్న జేబులో పిప్పరమెంట్ల కోసం. మూతి కుట్టేస్తే రేపు పుట్టేవాళ్లు చెయ్యెక్కడ పెడతారే, పిచ్చిదానా!"