ఎడమ కనుబొమ దిగేలోపు

నుదుటి మీద గీతలు పోవాలని బుజ్జి ఇంజెక్షన్లు చేయించుకుంది. గీతలు పోయాయి. పోతూ పోతూ ఎడమ కనుబొమ కొసను పైకి లాగి అక్కడే వదిలేశాయి. కుడి కనుబొమ మాత్రం తనకేమీ తెలియనట్టు పడుకుని ఉంది.

మధ్యలో మందు బాగా పట్టిందనీ, ఎడమ పక్క చివరి కండకు సరిగా అందక అదొక్కటే పైకి గుంజుతోందనీ డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. రెండు వారాలు ఆగి ఆ కండలో ఒక్క చుక్క మందు వేస్తే సర్దుకుంటుందట. వేయకపోయినా కొన్ని నెలలకు అదే దిగుతుందట.

ఆఫీసులో బుజ్జి పని ఇంటర్వ్యూలు చేయడం. ఎన్నేళ్ల అనుభవం అని మామూలుగా అడిగినా, వచ్చినవాళ్లు ఆ కనుబొమను చూసి నీళ్లు నమిలి, తమంతట తామే ఒక ఏడాది తగ్గించి చెబుతున్నారు.

అదంతా నవ్వులాటే. ఇంట్లో మాత్రం నవ్వు రాలేదు. టాబ్లెట్ వేసుకున్నావా అని అడిగితే, టీవీ చూస్తున్న నాన్న ఇటు తిరిగి, "వేసుకుంటున్నానోయ్, ఇప్పుడే" అంటూ లేవబోయి, సగంలో ఆగిపోయాడు. ఆయన అలా మాట్లాడేది అమ్మ ఒక్కదానితోనే. అమ్మ పోయి ఏళ్లయింది.

బుజ్జి అద్దం దగ్గరికి పరిగెత్తింది. ఎవరైనా బొంకితే అమ్మ తిట్టేది కాదు, ఎడమ కనుబొమ ఎత్తేది, అంతే. ఫోటో అనగానే కొయ్యలా బిగుసుకుపోయే మనిషి కాబట్టి ఆ చూపు ఏ ఫోటోలోనూ లేదు. ఇన్నాళ్లకు తన ముఖంలో దొరికింది. దించకూడదనుకుంది.

నాన్న మాత్రం ఆమె వైపు చూడటం మానేశాడు. కంచంలోకే చూస్తూ తింటున్నాడు. చివరికి ఒకరోజు చెయ్యి కడుక్కుంటూ, గోడకు చెప్పినట్టుగా అన్నాడు.

"సరిచేయించేసుకో తల్లీ. ప్రతిసారీ జవాబు చెప్పబోతాను. ఆ తర్వాత నువ్వని తెలుస్తుంది."

నాకు కావాలి నాన్నా, అనబోయి ఆగి, తువ్వాలు అందించింది.

క్లినిక్‌లో డాక్టరమ్మ కనుబొమలు ఎత్తించి చూసి, ఎడమ కొసకు పైన తెల్ల పెన్సిల్‌తో చుక్క పెట్టింది. బుజ్జి ఒక్క నిమిషమని అద్దం అడిగి తీసుకుంది. భయపడుతోందనుకుని డాక్టరమ్మ, చీమ కుట్టినంతే అని నచ్చజెప్పింది. చాలాసేపు చూసుకున్నాక బుజ్జి అద్దం తిరిగి ఇచ్చేసింది.

తలుపు తీసిన నాన్న చూపు ఇంకా నేల మీదే ఉంది.

"అయిపోయిందా?"

"అయింది నాన్నా. దిగడానికి కొన్ని రోజులు పడుతుందట."

ఆయన గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్లి, హాల్లో పెద్ద లైటు వేసి, తన కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ లాగాడు.

"అయితే ఇలా వచ్చి కూర్చోమ్మా," అన్నాడు. "కాస్త ఇటు తిరిగి."