ఇంట్లో ఉన్నందుకు

"బాయి గిలక తిరుగుతలేదు. ఎవరినన్న పిలిపియ్యరాదున్రి" అంది మనోరమ.

"పిలుస్త తీ. ఇంట్లనే ఉంటవు గద, ఏం తొందర?" అన్నాడు రామ్‌కిషన్, చెప్పులు విడుస్తూ.

'ఇంట్లనే ఉంటవు గద' అన్న మాట అతను కోపంగా అన్నది ఎన్నడూ లేదు. అదే వచ్చిన చిక్కు. కోపంగా అంటే తనూ నాలుగు అనేసి కడుపు చల్లబరచుకునేది. అతనేమో నవ్వుతూ, బుగ్గ తట్టి మరీ అనేవాడు. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఆ ఇంట్లో మనోరమ తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేది. మొండికేసిన గిలకతో కుస్తీ పట్టి నీళ్ళు తోడేది. జొన్నలు చెరిగి పిండి గిర్నీకి పంపి, రొట్టెలు కొట్టి, పిల్లలిద్దరినీ తయారుచేసి, ఝరాసంగం పొలం నుంచి అల్లం బస్తాలొస్తే మట్టి కడిగి పుచ్చినవి ఏరి ఆరబోసి, అత్త భాగీరథమ్మ మోకాళ్ళకు నూనె రాసేసరికి మళ్ళీ పొయ్యి వెలిగించే వేళయ్యేది. హైస్కూల్లో లెక్కలు చెప్పి వచ్చిన మొగుడు "పొద్దంత ఏం చేసినవ్?" అని మాట కలిపితే ఆమె కాసేపు వెతుక్కునేది. చేసినవన్నీ తిన్నవో, తాగినవో, మాసినవో అయిపోయి, చూపించడానికి ఒక్కటీ మిగిలేది కాదు. "ఏం లేదు" అనేది. తన నోటితో తనే అనేది. అది తలుచుకుంటేనే ఆమెకు ఒళ్ళు మండేది.

డెబ్బై ఎనిమిదిలో రామ్‌కిషన్‌కు నైజీరియాలో మూడేళ్ళ కొలువు వచ్చింది. అప్పట్లో లెక్కలు, సైన్సు చెప్పే సార్లు మన దిక్కు నుంచి చాలామందే అక్కడికి పోయారు. భాగీరథమ్మ ఒక పూట ఏడ్చి, మరో పూట ఆలోచించి, కోడలిని పిలిచింది.

"వాడు ఒక్కడే పోతె తిండికి సస్తడు. పిల్లలను తీస్కొని నువ్వు గూడ పో. ఆడికి పోయినా నీకేముంది, ఇంట్ల ఉండుడే గద."

రామ్‌కిషన్ కూడా ధైర్యం చెప్పాడు. "నీకేం ఫికర్ లేదు మనోరమా. కొత్త బడి, కొత్త భాష, ఆ తిప్పలన్ని నాయి. నువ్వు ఇంట్లనే ఉంటవు గద." చింతపండు, పప్పులు, రెండు జాడీల తొక్కు, జొన్నపిండితో పాటు ఆ మాట కూడా వాళ్ళతోనే సముద్రం దాటింది.

ఇలేషా అనే ఊళ్ళో, బడి పక్కన రేకుల ఇల్లు ఇచ్చారు. ఎర్ర మట్టి, పామాయిల్ వాసన, వీపున బిడ్డలను కట్టుకుని చకచకా నడిచే ఆడవాళ్ళు. జొన్నపిండి ఒడిసిపోయాక మనోరమ మక్కజొన్న పిండితో రొట్టె కొట్టబోతే అది పెనం మీదికి చేరకుండానే ముక్కలైంది. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తుంటే, పిల్లలు పక్కింట్లో ఉడికించి దంచిన పెండలం గడ్డ ముద్దను పులుసులో ముంచుకుని కడుపునిండా తిని వచ్చారు. పిల్లలకు ఏ దేశమైనా ఒకటే. వానాకాలం వెళ్ళేలోపు ఏడేళ్ళ ఇంద్రసేన ఆ భాషలో కొట్లాడటం కూడా నేర్చాడు. చిన్నది తార, గుడ్డ బొమ్మను వీపుకు కట్టుకుని తిరిగేది.

మనోరమకే ఆ ఊరు అలవాటు కాలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్త నేర్పిన మర్యాద ఒకటుంది. వీధిలో తల ఎత్తొద్దు, ఎవరినీ పలకరించొద్దు, కొంగు భుజం నిండా కప్పుకుని మన దారిన మనం పోవాలి. ఇలేషాలోనూ అంతే చేసింది. బకెట్ పట్టుకుని కుళాయి దగ్గరికి పోతూ, దంచేవాళ్ళనూ ఉతికేవాళ్ళనూ దాటుకుని, కళ్ళు నేల మీదే పెట్టి నడిచింది. ఎంత నెమ్మదైన మనిషి అనుకుంటారని లోలోపల మురిసింది కూడా. కొన్నాళ్ళకు కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ వీధి పిల్లలు తారతో ఆడటం మానేశారు.

ఒక మధ్యాహ్నం పక్కింటి ఇయా బోలా నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇయా అంటే అమ్మ. అక్కడ తల్లులను పెద్దబిడ్డ పేరుతోనే పిలుస్తారు. బజార్లో బట్టలమ్మే భారీ మనిషి, ఆమె గొంతుకు రేకులు మోగేవి. ఆమె మాటలను ఇంద్రసేన మధ్యలో నిలబడి తెలుగు చేశాడు.

"అమ్మా, మేం నీ కండ్లకు ఆనుతలేమా అని అడుగుతుంది."

"అయ్యో, నేనేం చేసిన?"

"ఏం చెయ్యలేదంట. గదే తప్పంట. వాళ్ళు పని చేస్తుంటె పక్కపొంటి పోయినవంట, ఒక్క మాట అనలేదంట. ఈడ పని చేసేటోళ్ళను చూసి ఊకె పోవద్దంట. 'ఎకూషే' అనాలెనంట."

"అంటె?"

"నువ్వు పని చేస్తున్నవు గద, నీ పనికి దండం. అట్ల."

మనోరమ సిగ్గుతో చచ్చిపోయింది. మా దిక్కు మంచింటి కోడళ్ళు వీధిలో మాట్లాడరని చెప్పమంది. ఇంద్రసేన చెప్పాడు. ఇయా బోలా పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు ఏదో అడిగింది.

"మరి మీ దిక్కు మీ అమ్మ పని చేస్తుంటె ఎవరు పలకరిస్తరు అంటుంది" అన్నాడు ఇంద్రసేన.

కొడుకు మనోరమ మొహంలోకి చూస్తూ జవాబు కోసం నిలబడ్డాడు. చివరికి ఇయా బోలాయే ఆమె భుజం తట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు దుప్పట్లు ఉతుకుతుంటే, సైకిల్ నడిపించుకుంటూ పోతున్న ఒక ముసలాయన ఆగకుండానే "ఎకూషే" అని పోయాడు. ఆయనెవరో ఆమెకు తెలియదు. ఆమె పేరు ఆయనకు తెలియదు. ముప్పై ఏళ్ళ బతుకులో తన పనిని చూసి ఒక మనిషి అన్న మొదటి మాట అది. మనోరమ సబ్బు చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. కళ్ళు మండి ఇంకా ఏడుపొచ్చింది.

రెండో మాట ఇంద్రసేన తెచ్చాడు. బడి నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి, కాస్త వంగి, "ఎకూలే" అన్నాడు.

"ఇదేందిరా మళ్ళ?"

"బయటికెంచి వచ్చినోళ్ళు ఇంట్ల ఉన్నోళ్ళకు ముందుగాల అనాలె అమ్మా. బోలా వాళ్ళ నాయనమ్మకు అంటడు. నువ్వు ఇల్లు చూస్కుంట ఉన్నవు గద, గందుకు దండం. అప్పుడు నువ్వు 'ఎకాబో' అనాలె. మంచిగొచ్చినవా బిడ్డా అని."

ఇంట్లో ఉన్నందుకు దండం! ఇన్నేళ్ళూ ఏమీ కాదనిపించుకున్న పనికి ఈ దేశంలో ఒక పలకరింపే ఉంది. మనోరమ కొడుకును దగ్గరికి లాక్కుని "ఎకాబో" అంది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆ మాట కోసం చెవులు రిక్కించి కూర్చునేది. ఆ ఒక్క మాటతో ఇలేషా ఆమెకు సొంత ఊరయింది. ఇయా బోలాకు తొక్కు రుచి చూపించింది, ఆమె దగ్గర బజారు బేరాలు నేర్చుకుంది. ఆఖరి ఏడాది బడిలో చిన్నపిల్లల టీచరు పురిటికి పోతే, పెళ్ళికి ముందు పీయూసీ చదివిన మనోరమే ఆ తరగతి నడిపింది.

రామ్‌కిషన్ సంగతి వేరు. బడి తోటమాలికి ఎకూషే, వంటమనిషికి ఎకూషే, రోడ్డు మీద రాళ్ళు కొట్టేవాళ్ళకు ఎకూషే. ఇండియా సారు ఎంత మర్యాదస్తుడో అని ఊరంతా మెచ్చుకునేది. ఇంటికొస్తే మాత్రం చెప్పులు విడిచి, "జర చాయ్ పెట్టు." తనకు ఎకూలే ఎందుకనరని ఒకసారి ఆమె నవ్వుతూనే అడిగింది. "మనకు మనకు గవన్ని ఎందుకు? పరాయోళ్ళమా?" అని బుగ్గ తట్టాడు. చెడ్డవాడైతే కాదు. ఆమెకు మలేరియా వచ్చినప్పుడు వారమంతా సెలవు పెట్టి తనే జావ కాచాడు, మాడిన జావే అయినా పక్కన కూర్చుని తాగించాడు. "ఈ ఇంట్ల పని ఒడుస్తనే లేదేంది మనోరమా!" అని వింతపోయాడు. ఇక తెలిసిందిలే అని ఆమె జ్వరంలోనే సంతోషపడింది. జ్వరం తగ్గాక అతను ఆ సంగతి మరిచిపోయాడు.

ఎనభై ఒకటిలో తిరిగొచ్చారు. చూడటానికి చుట్టాలంతా వచ్చి కూర్చున్న సాయంత్రం, వీధిలో ఆడుకుని వచ్చిన ఇంద్రసేన గుమ్మంలో ఆగి, వంగి, "ఎకూలే నాయనమ్మా!" అన్నాడు. ఇల్లంతా గొల్లున నవ్వింది. "మనవడు మంత్రాలు నేర్చుకొచ్చిండు భాగీరథక్కా" అన్నాడు వరసకు తమ్ముడైన గురులింగప్ప. రామ్‌కిషన్ మొహం ఎర్రబడింది.

"ఇది నైజీరియా గాదు బేటా. బంద్ చెయ్ గవన్ని."

భాగీరథమ్మ మాత్రం, "ఏందే ఆ మాట?" అని కోడలిని అడిగింది. మనోరమ చెప్పింది.

"ఇంట్ల ఉన్నందుకు దండమా! యాభై ఏండ్ల సంది ఉంటున్న, ఒక్కడన్న పెట్టలే!" అని ముసలమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వు అయ్యాక కాసేపు గడప వైపే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఇంద్రసేన నోట ఆ మాట వినపడలేదు. మనోరమ రోజూ సాయంత్రం రొట్టె కొడుతూ చేతులాపి వినేది. సంచి పడేసిన చప్పుడు, "ఆకలైతుంది" అన్న కేక, అంతే. కొడుకు కూడా తండ్రిలాగే బుగ్గ తట్టే మనిషి అవుతాడేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది. గిలక ఇంకా అట్లాగే మొండికేస్తోంది.

అంతలో జగ్గయ్య సారు వచ్చాడు. చెరుకు ఫ్యాక్టరీ వాళ్ళ పిల్లల కోసం బస్టాండు దగ్గర చిన్న ఇంగ్లీషు బడి పెట్టాడాయన. మనోరమ ఇలేషాలో పాఠాలు చెప్పిందని ఇంద్రసేన ద్వారా తెలుసుకుని నేరుగా ఇంటికే వచ్చాడు.

"చిన్నపిల్లల తరగతికి మనిషి కావాలమ్మా. సోమవారం నుంచి వస్తరా?"

జవాబు రామ్‌కిషన్ చెప్పాడు. "ఆమెకు యాడ కుదురుతది సార్? ఇంట్ల ఎవరుంటరు?"

"రేపు పొద్దుగాల చెప్పి పంపుత సార్" అంది మనోరమ. జగ్గయ్య చాయ్ తాగి వెళ్ళాడు. ఆమె గ్లాసులు తీయలేదు. మొగుడి ఎదురుగా కూర్చుంది.

"ఇంట్ల ఎవరుంటరు అన్నరు. ఎందుకుండాలె?"

"గదేం మాట? వంట ఎవరు చేస్తరు? నీళ్ళు, బట్టలు, అమ్మ మందులు, అల్లం బస్తాలు, పిల్లలు వచ్చేయాళ్ళకు..." చెప్తూ చెప్తూ రామ్‌కిషన్ ఆగిపోయాడు. లెక్కల సారు కదా, కూడిక ఎటు పోతోందో అతనికే అర్థమైంది.

"గన్ని పనులున్నయా? మరి ఇన్నేండ్లు ఇంట్లనే ఉంటవు గద అన్నరు." మనోరమ గొంతు పెంచలేదు. "పని ఉంటె ఉన్నదని మీ నోటితోని అనున్రి. లేకుంటె సోమవారం పోత."

"ఉన్నది. ఎవరు లేదన్నరు? ఉన్నది గని..."

"ఉన్నదంటె అందరం చేద్దాం. అప్పుడు గూడ సోమవారం పోత."

వంటింట్లోంచి భాగీరథమ్మ గొంతు వచ్చింది. "అందరం అంటె నేను గూడనా? నీకు బడి, నాకు మళ్ళ పొయ్యా?"

ఆ మాట మనోరమకు సూటిగా తగిలింది. ఎందుకంటే అది నిజం. తను గడప దాటితే లోపల మిగిలేది ఇంకో ఆడదే. ఇంతవరకూ తన చాకిరీయే కనపడింది గానీ, తనకు ముందు ఆ పొయ్యి దగ్గర ఎవరు కూర్చున్నారో తనూ చూడలేదు. లేచి వెళ్ళి అత్త పక్కన కూర్చుంది.

"మీకు కష్టమైతది అత్తమ్మా. నాకు తెలుసు. అయినా పోవాలనున్నది."

భాగీరథమ్మ కోడలి వైపు చూడలేదు, పొయ్యితోనే మాట్లాడింది. "రొట్టెలు నేను కొడ్త. గిన్నెలు వచ్చినంక నువ్వు తోము. బాయి నీళ్ళు మాత్రం నా కొడుకే తోడాలె."

సోమవారం పొద్దున రామ్‌కిషన్ మూతి ముడుచుకునే బావి దగ్గరికి పోయాడు. రెండు బకెట్లు తోడాడో లేదో, పెద్ద కేక వేశాడు. "ఈ గిలక ఇట్లున్నదేంది? ఎవరన్న చెప్పాలె గద!" లోపల అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. బడికి పోయేలోపే అతను మనిషిని పిలిపించి గిలక బాగుచేయించాడు.

సాయంత్రం మనోరమ ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురు పోయింది, చీర నిండా సుద్ద. వాకిలి ఊడ్చి ఉంది. లోపలి నుంచి జొన్నరొట్టె కాలే వాసన వస్తోంది. ఎన్నో ఏళ్ళుగా ఆ వాసన ఆమె చేతుల్లోంచి పుట్టిందే గానీ, బయటి నుంచి వచ్చి ఎదురుపడింది లేదు. చెప్పులు విడిచింది. భాగీరథమ్మ ఒక కాలు చాపుకుని, వంగి రొట్టె కొడుతోంది. చెమట కనుబొమల మీదికి కారుతోంది. మనోరమ గడప దగ్గరే ఆగి, కాస్త వంగింది.

"ఎకూలే అత్తమ్మా."

భాగీరథమ్మ తలెత్తలేదు. రొట్టె తిప్పేసి, "ఎకాబో" అంది.

"మీకెట్ల తెలుసు?"

"నీ కొడుకు రోజు అనవట్టె గద. వాళ్ళ నాయన వింటె తిడ్తడని, లోపలికొచ్చి నా చెవుల అంటడు. దానికి జవాబు గూడ వాడే నేర్పిండు." ముసలమ్మ పిండి చేత్తో మొహం తుడుచుకుంది. "మంచిగున్నది బిడ్డా ఆ మాట. మోకాళ్ళకు నూనె రాసినట్టున్నది."

మనోరమ అత్త పక్కన చతికిలబడి, పెనం తన వైపు జరుపుకోబోయింది. భాగీరథమ్మ చేతి మీద ఒక్కటి వేసింది. అంతలో బయట సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. రామ్‌కిషన్ చెప్పులు విడిచి, అలవాటుగా "జర చాయ్..." అంటూ లోపలికి రాబోయి, గడప మీదే ఆగాడు. పొయ్యి దగ్గర పక్కపక్కన కూర్చున్న తల్లీ, భార్యా ఇద్దరూ అతన్నే చూస్తున్నారు. మూలన లెక్కలు చేసుకుంటున్న ఇంద్రసేన పెన్సిలు ఆపాడు.

"ఏంది, అందరు అట్ల చూస్తున్నరు?" అన్నాడు.

భాగీరథమ్మ పెనం మీద రొట్టె వేసి, తీరుబడిగా చేతులు దులుపుకుంది.

"బయటికెంచి వచ్చినోడే ముందుగాల అనాలె కొడుకా. అను, మేం ఆగుతం."